అప్‌డేట్: కొత్త ఆల్బమ్ నచ్చలేదని చెప్పేశాను

పదేళ్లుగా ప్రాణంగా వింటున్న బ్యాండ్ కొత్త ఆల్బమ్ నాకు నచ్చలేదు, ఆ మాట తోటి ఫ్యాన్స్‌తో అనాలా వద్దా అని పోయిన వారం అడిగాను కదా. చెప్పేశాను.

"ముందు ఏం నచ్చలేదో సరిగ్గా పట్టుకోండి" అని మీలో ఒకరిచ్చిన సలహానే పనిచేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. మూడో పాట గుసగుసలాంటి గొంతుతో మొదలై, తర్వాత డ్రమ్స్ విరుచుకుపడతాయి. కానీ ఆ గుసగుస కూడా డ్రమ్స్ అంత గట్టిగానే వినిపిస్తోంది! తప్పు పాటలది కాదు, మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే దశలో, కంప్రెషన్ (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడాను తగ్గించడం) మరీ ఎక్కువైంది. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా లేకపోతే చెవి అలసిపోతుంది. 2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' విషయంలోనూ ఫ్యాన్స్ ఇదే గొడవ చేశారు, గిటార్ హీరో గేమ్‌లోని వెర్షనే నయమన్నారు.

ఇదంతా చెబితే తోటి ఫ్యాన్స్‌లో ఇద్దరు మాత్రం "నువ్వసలు ఫ్యాన్‌వేనా?" అన్నారు. మనసు చివుక్కుమంది. ప్రేమ లేకపోతే ఇంత బాధ ఎందుకు?

రాత్రి మాలో అందరికంటే వీరాభిమాని ఫోన్ చేశాడు. "మూడో పాట దగ్గర నాకూ అలాగే అనిపించిందిరా, బయటికి అనలేకపోయాను" అన్నాడు. ఆదివారం ఇద్దరం కూర్చుని పాత ఆల్బమ్‌నీ దీన్నీ పక్కపక్కనే పెట్టి వింటాం.