బంగారు పురుగు రెక్కల మెరుపు నీటిరంగుల్లో రావట్లేదు

తుమ్మ కొమ్మ, దాని పసుపు పూలు, ఆకు మీద బంగారు పురుగు వేస్తున్నానండీ. పూలు, ముళ్ళు కుదిరాయి. పురుగు దగ్గరే ఆగిపోయాను. (చచ్చి దొరికిన పురుగే, ఎదురుగానే పెట్టుకున్నా. వెలుతురు ఎడమ కిటికీ నుంచి.)

కాగితం మందపాటిది, 300 జీఎస్‌ఎం, నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్ (నున్నటిది). రంగులు విరిడియన్ (ఆకుపచ్చ), థాలో బ్లూ (నీలం), నీడకి అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). మెరుపు చోట తెల్లకాగితం వదిలి, చుట్టూ పల్చటి నీలం పూసి, ఆరాక విరిడియన్ పొరలు వేస్తున్నా. రెండో పొర దాకా బాగుంటుంది. మూడోది పడగానే కిందిది లేచిపోయి మెరుపు అంచంతా మురికైపోతోంది.

శ్రీకాకుళంలో ఇప్పుడు వానలు. తేమకి ఆరట్లేదేమోనని పొరకీ పొరకీ మధ్య గంట ఆగాను, హెయిర్ డ్రయ్యర్ కూడా పెట్టాను. తేడా లేదు. నీడకి నలుపు కలిపితే పచ్చదనం చచ్చిపోయింది. మెటాలిక్ రంగు వేస్తే స్టిక్కర్ అంటించినట్టుంది, అది వద్దే వద్దు. విరిడియన్ బదులు థాలో గ్రీన్ (ఇదీ ఆకుపచ్చే) వాడితే పొర కదలట్లేదు గానీ, కాగితాన్ని పట్టేసుకుని అంచు మెత్తబరచనివ్వదు.

పురుగుల బొమ్మలు వేసేవాళ్ళు చెప్పండి: కింది పొర కదలకుండా, మెరుపు అంచు మెత్తగా రావాలంటే ఈ రెండు పచ్చల్లో ఏది ముందు వేయాలి, ఏది తర్వాత?