తీసేసిన మూడో రోజుకే మళ్లీ ఎర్రటి జిగురు పొర: ఉప్పునీటి ఎక్వేరియంలో ఏం చేయాలి?

ఉదయసముద్రం (నల్లగొండ) – ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల ఉప్పునీటి తొట్టె ఉంది. సుమారు 180 లీటర్ల నీరు పడుతుంది. పెట్టి ఎనిమిది నెలలైంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు ఉన్నాయి. రాళ్లు సిరామిక్‌వి, అడుగున సన్నని ఇసుక.

రెండు నెలల నుంచి ఇసుక మీద, రాళ్ల మొదళ్ల దగ్గర ముదురు ఎరుపు రంగులో జిగురు పొర కడుతోంది. ఉదయం లైటు వేయకముందు చూస్తే పలుచగా ఉంటుంది. సాయంత్రానికి చిక్కబడి, లోపల చిక్కుకున్న చిన్న చిన్న గాలి బుడగలతో ఉబ్బి కనిపిస్తుంది. సైఫన్ గొట్టాన్ని దగ్గరకు తీసుకెళ్తే కాచి చల్లార్చిన పాల మీది మీగడలాగా అరచేతి వెడల్పు ముక్క ఒక్కసారిగా లేచి వస్తుంది, దాని కింద ఇసుక తెల్లగానే ఉంటుంది. ఆదివారం ఎంత శ్రద్ధగా తీసినా బుధవారానికి మళ్లీ కమ్ముకుంటోంది.

నీటి సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 27 నుంచి 28 డిగ్రీలు. పరీక్ష కిట్‌తో చూస్తే నైట్రేట్ దాదాపు సున్నా, ఫాస్ఫేట్ 0.25 వచ్చాయి. మా బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 900. తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓ నుంచి 85 టీడీఎస్‌తో వచ్చే నీటినే తొట్టెకు వాడుతున్నాను. ఈ ఎండలకు రోజూ మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతున్నాయి. లైటు పదకొండు గంటలు వెలుగుతుంది. తొట్టెలో నీటిని కదిలించే పంపు, అంటే పవర్‌హెడ్, గంటకు 1500 లీటర్లు తిప్పేది ఒకటే ఉంది. పిల్లలు ముచ్చటపడుతున్నారని మేత రోజుకు మూడుసార్లు వేస్తున్నాము.

నైట్రేట్ లేని నీటిలో పాచి ఇంతగా ఎలా పెరుగుతోంది? మా నల్లగొండ నీటిలోని ఫ్లోరైడ్ దీనికి కారణమా? చేపలు అమ్మే ఒకాయన యాంటీబయాటిక్ పొడి వేస్తే రెండు రోజుల్లో పోతుందన్నారు. వేయవచ్చునా?

వరిచేను (మిర్యాలగూడ)

మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే అది పాచి కాదు, సైనోబాక్టీరియా. మొక్కల మాదిరిగా వెలుతురుతో ఆహారం తయారు చేసుకునే బ్యాక్టీరియా. వరి పండించే వాళ్లకు ఇది కొత్త జీవి కాదు. వ్యవసాయ శాఖ వాళ్లు జీవన ఎరువుగా చెప్పే నీలి ఆకుపచ్చ నాచు ఈ జాతిదే. అజొల్లా ఆకుల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించేదీ ఇదే. అజొల్లా పెంచే మడిలో సూపర్ ఫాస్ఫేట్ ఎందుకు చల్లుతారో మీకు తెలిసే ఉంటుంది. నత్రజనిని అది గాలి నుంచి తెచ్చుకోగలదు కానీ, భాస్వరాన్ని మాత్రం మనమే ఇవ్వాలి.

మీ తొట్టెలో సరిగ్గా ఆ మడి తయారైంది. ఫాస్ఫేట్ 0.25 ఉంది, నైట్రేట్ లేదు. నైట్రేట్ కోసం పోటీపడే మామూలు పాచి ఆగిపోయిన చోట, గాలి నుంచి నత్రజని తీసుకోగల రకాలు దర్జాగా పరుచుకుంటాయి. అన్ని రకాలకూ ఆ శక్తి ఉండదు. అయినా ఇసుకలో కుళ్లుతున్న మేత నుంచి వచ్చే నత్రజనిని కిట్టుకు అందకముందే ఆ పొరే తినేస్తుంది కనుక, సున్నా చూసి నీరు శుభ్రంగా ఉందని అనుకోవద్దు.

ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం మేత ద్వారానే వస్తుంది. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే వేయండి. గడ్డకట్టిన మేత వాడుతుంటే గిన్నెలో కరిగించి, టీ వడపోసే జాలిలో పోసి, ఆ రసాన్ని పారబోసి, మిగిలిన ముక్కలనే తొట్టెలో వేయండి. పిల్లలకు నచ్చచెప్పడమే అన్నిటికన్నా కష్టం. మా ఇంట్లో మేత వేసే వంతును వారానికొకరికి అప్పగించాము, గొడవ తీరింది.

రెండో సంగతి నీటి కదలిక. 1500 లీటర్ల పంపు మీ తొట్టెను గంటకు ఎనిమిది సార్లే తిప్పుతుంది. ఉప్పునీటి తొట్టెకు కనీసం ఇరవై సార్లు కావాలి. నీరు నిలిచిన చోటే ఈ పొర మొదలవుతుంది. ఇంకొక పవర్‌హెడ్ కొని, రెండూ ఎదురెదురుగా కాకుండా ఒకటి ఇసుకను తాకీ తాకనట్టు వాలి ఉండేలా పెట్టండి. లైటును ఏడు గంటలకు తగ్గించండి.

పాలమూరు ఉప్పునీరు (మహబూబ్‌నగర్)

యాంటీబయాటిక్ గురించి నా అనుభవం చెప్పకుండా ఉండలేను. మూడేళ్ల కిందట నేను ఎరిత్రోమైసిన్ వేశాను. పొర నిజంగానే రెండు రోజుల్లో తెల్లబడి విడిపోయింది. అయితే అంత పెద్ద పొర ఒకేసారి చచ్చి కుళ్లడం మొదలుపెడితే నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అది మే నెల. వేడెక్కిన నీరు ఆక్సిజన్‌ను అసలే తక్కువగా పట్టి ఉంచుతుంది. ఆ రాత్రి మూడు గంటలు కరెంటు పోయింది. తెల్లవారి చూస్తే నాలుగేళ్లుగా నా చేతి మేత తిన్న టాంగ్ చేప పక్కకు ఒరిగి ఉంది. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. పైగా అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా మీద కూడా ఆ మందు ప్రభావం పడవచ్చు. ఫాస్ఫేట్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కాబట్టి నలభై రోజులకు పొర తిరిగి వచ్చింది. ముందు కారణాలను సరిచేయండి. అప్పటికీ తగ్గకపోతే ఆఖరి మార్గంగా, గాలి పంపు నడుస్తూ ఉండగా, అప్పుడు ఆలోచించండి.

మందు కన్నా చీకటి మేలు. పొరను వీలైనంత సైఫన్‌తో తీసి, పది పదిహేను శాతం నీరు మార్చి, తొట్టెకు నాలుగు వైపులా మందపాటి దుప్పటి కప్పి మూడు రోజులు లైటు ఆపండి. చేపలకేమీ కాదు. స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం) ఉంటే అది, గాలి పంపు మాత్రం ఆగకూడదు. దుప్పటి తీసిన రోజే చచ్చిన పొరను మళ్లీ సైఫన్ చేసి పారబోయాలి. ఆ నీటిని వడపోసి తిరిగి పోయవద్దు.

బోరునీరు (దేవరకొండ)

ఫ్లోరైడ్ మీద అనుమానం మన ప్రాంతంలో అందరికీ వచ్చేదే, ఆ నీటితో మన పెద్దవాళ్లు పడిన కష్టం అటువంటిది. కానీ సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 1.5. కాబట్టి ఈ పొరకు ఫ్లోరైడ్ కారణం కాదు.

మీరు వాడుతున్న 85 టీడీఎస్ నీటిని మాత్రం నేను ఒప్పుకోను. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగినవన్నీ తొట్టెలోనే మిగులుతాయి. రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్క వేస్తే 340 మిల్లీగ్రాములు, అంటే నెలకు పది గ్రాములకు పైగా పేరుకుంటున్నట్టు. అందులో ఎక్కువ భాగం కాల్షియం, సోడియం వంటివే అయినా, పొలాల ఎరువుల నుంచి భూగర్భ జలంలోకి దిగిన నైట్రేట్, రాతి నుంచి వచ్చిన సిలికేట్ కూడా ఉండవచ్చు. ఏది ఎంతో టీడీఎస్ మీటర్ చెప్పదు. అందుకని తొట్టెలోని నీటితో పాటు మీరు పోసే నీటికి కూడా ఫాస్ఫేట్, నైట్రేట్ పరీక్ష చేయండి.

తాగునీటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలా వాటికి, కొంత నీటిని మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) గుండా పోనివ్వకుండా దారి మళ్లించి, శుద్ధి అయిన నీటిలో కలిపే చిన్న వాల్వ్ ఉంటుంది. నీటికి రుచి రావాలని పెడతారు. ఇంట్లోవాళ్లు తాగే నీరు కనుక ఆ వాల్వ్‌ను కదపవద్దు. మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టానికి, నీరు కలవకముందే ఒక టీ జాయింట్ వేయించి వేరే నల్లా పెట్టుకుని, దానికి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) డబ్బా తగిలించండి. అప్పుడు టీడీఎస్ సున్నా రావాలి. రెండు మూడు వచ్చిందంటే రెసిన్ మార్చే సమయం వచ్చినట్టు.

ఉదయసముద్రం (నల్లగొండ)

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. ముగ్గురికీ కృతజ్ఞతలు. యంత్రం వెనుక మూత తీసి చూస్తే బోరునీరు గారు చెప్పిన వాల్వ్ సగానికి పైగా తెరిచి ఉంది. మెంబ్రేన్ దగ్గర నేరుగా పట్టిన నీరు 38, రెసిన్ తరువాత సున్నా చూపించింది. మేత ఒక్కపూటే వేస్తున్నాము. గంటకు 3000 లీటర్ల పవర్‌హెడ్ ఇంకొకటి పెట్టాను. మూడు రోజుల చీకటి ఒకసారి ఇచ్చాను. దుప్పటి తీసినప్పుడు చేపలు ఎప్పటిలాగే అద్దం దగ్గరకు వచ్చాయి, మనసు కుదుటపడింది. ఫాస్ఫేట్ 0.08కి దిగింది, నైట్రేట్ 5 చూపిస్తోంది. ఇసుక తెల్లగా ఉంది. వెనుక ఎడమ మూలలో, పెద్ద రాయి నీడలో మాత్రం రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి పోవడం లేదు. ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వేసి పూర్తిగా సున్నా చేయమంటారా?

వరిచేను (మిర్యాలగూడ)

వద్దు. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయిన తొట్టెల్లో డైనోఫ్లాజెలేట్లు అనే మరొక తెగులు వస్తుంది. అది గోధుమ రంగు చీమిడిలా తీగలు తీగలుగా వేలాడుతుంది, నత్తలను చంపగలదు, వదిలించుకోవడం దీనికన్నా చాలా కష్టం. ఇప్పుడున్న అంకెలు చక్కగా ఉన్నాయి, వాటిని కదపకండి. ఆ రాయిని నాలుగు వేళ్ల వెడల్పు ముందుకు జరిపి, వెనుక నుంచి నీరు పారేలా చేయండి. జరిపేటప్పుడు కింద పేరుకున్న మురికి లేస్తుంది కనుక సైఫన్ గొట్టాన్ని రెండో చేత్తో సిద్ధంగా పట్టుకోండి. గోబీ ఆ రాయి కింద గుంత తవ్వుకుని ఉంటే, ముందు అది బయటకు వచ్చేదాకా ఆగండి.