సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్‌లో చివరి ఏడాది ప్రాజెక్టు: ఏది ఎంచుకోవాలి?

బీటెక్ నాలుగో సంవత్సరం విద్యార్థి:
అందరికీ నమస్కారం. మేము నలుగురం కలిసి సర్వర్ల నిర్వహణలో ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం. మానిటరింగ్ (సర్వర్ల పనితీరును గమనించడం), కేంద్రీకృత లాగిన్ (ఒకే ఖాతాతో అన్ని మెషిన్లలోకి ప్రవేశించడం), బ్యాకప్ అనే మూడు ఆలోచనలు ఉన్నాయి. మా దగ్గర 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటే ఉంది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం కాకుండా మీరు సొంతంగా చేసేదేమిటని గైడ్ గారు అడుగుతున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

లినక్స్ అడ్మిన్, హైదరాబాద్:
మీ గైడ్ గారి ప్రశ్న సరైనదే. ప్రొమీథియస్, గ్రఫానా లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు పెట్టి రంగురంగుల గ్రాఫులు చూపించడం ఒక సాయంత్రం పని. నా మాట వింటే బ్యాకప్ తీసుకోండి. అయితే బ్యాకప్ తీయడాన్ని కాదు, తీసినది తిరిగి నిలబడుతుందో లేదో రోజూ పరీక్షించడాన్నే ప్రాజెక్టుగా చేయండి.

2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్‌ను భద్రపరిచే సేవ గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చదవండి. ఒక ఇంజనీరు రెప్లికా (నకలు) సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటాబేస్ డైరెక్టరీని తొలగించారు. సుమారు 300 జీబీ డేటా పోయింది. బ్యాకప్ కోసం చూస్తే అక్కడేమీ లేదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ కాగా, బ్యాకప్ తీసే పీజీడంప్ అనే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది, ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. చివరికి ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఆదుకుంది.

మీకు మూడు వర్చువల్ మెషిన్లు (ఒకే ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి కంప్యూటర్లు) చాలు: ఒకటి డేటాబేస్‌కు, ఒకటి బ్యాకప్‌లకు, మూడోది ఖాళీగా. ప్రతి రాత్రి తాజా బ్యాకప్‌ను ఖాళీ మెషిన్‌లోకి ఎక్కించి, పట్టికల్లోని వరుసల సంఖ్యను, చెక్‌సమ్‌లను (డేటా మారలేదని తేల్చే లెక్కింపు సంఖ్యలను) సరిపోల్చి నివేదిక పంపే స్క్రిప్టు రాయండి. ఉదయానికి నివేదిక రాకపోతే దాన్నే ప్రమాద సూచనగా చూపించాలి. పునరుద్ధరణకు పట్టిన సమయం, మధ్యలో పోయిన డేటా పరిమాణం మీరు స్వయంగా కొలిచిన అంకెలవుతాయి.

ల్యాబ్ అధ్యాపకురాలు, కాకినాడ:
పై సూచనతో ఏకీభవిస్తున్నాను. వైవాలో ఎగ్జామినర్ గారినే ఒక పట్టికను తొలగించమని కోరి, వారి కళ్లెదుటే దాన్ని తిరిగి తెప్పించండి. అంతకు మించిన డెమో ఉండదు. మెషిన్లన్నిటినీ ఆన్సిబుల్ ప్లేబుక్‌తో (సర్వర్లను ఆటోమేటిక్‌గా సిద్ధం చేసే సూచనల ఫైలుతో) నిర్మించి, ఆ ఫైళ్లను మొదటి వారం నుంచే ఎవరు ఏం మార్చారో నమోదు చేసే గిట్‌లో ఉంచితే ఎవరి పని ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. మరో విషయం, లినక్స్ రకమైన సెంటోస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసినా విద్యార్థుల ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్టుల్లో దాని పేరు ఇంకా వస్తూనే ఉంది. దాని బదులు డెబియన్ గానీ, అల్మాలినక్స్ గానీ తీసుకోండి.

గతేడాది చేసిన విద్యార్థిని:
మేడమ్ గారి మాట నిజమే గానీ, కేంద్రీకృత లాగిన్‌ను తేలిగ్గా తీసేయకండి. మేము ఫ్రీఐపీఏ అనే లాగిన్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో చేశాం. మెషిన్ల గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే అందులో గుర్తింపును తనిఖీ చేసే కెర్బరోస్ లాగిన్‌ను నిరాకరిస్తుంది; డీఎన్ఎస్ (మెషిన్ల పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ), గడియారాల సమయపాలన ఎంత ముఖ్యమో అక్కడే అర్థమైంది. కాకపోతే ఇది ల్యాబ్‌లో నిజమైన వినియోగదారులు దొరికితేనే రాణిస్తుంది.

బీటెక్ నాలుగో సంవత్సరం విద్యార్థి:
మా ల్యాబ్‌లో అందుకు అనుమతి దొరకదు కాబట్టి బ్యాకప్ పునరుద్ధరణనే ఎంచుకుంటున్నాం. అందరికీ ధన్యవాదాలు. వర్చువల్ మెషిన్లను కాలేజీ నెట్‌వర్క్‌కు కలపవచ్చా?

లినక్స్ అడ్మిన్, హైదరాబాద్:
కలపకండి. వర్చువల్ మెషిన్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఇంటర్నల్ నెట్‌వర్క్ (ఆ మెషిన్ల మధ్యే ఉండే నెట్‌వర్క్) వాడండి. మీ మెషిన్‌లో కంప్యూటర్లకు నెట్‌వర్క్ చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీ సర్వర్ ఉండి, అది కాలేజీ నెట్‌వర్క్‌లోకి చేరితే మిగతా కంప్యూటర్లకు తప్పుడు చిరునామాలు వెళ్లి వాటి ఇంటర్నెట్ ఆగిపోవచ్చు.