కే2-18బి మీద ‘జీవం’ వార్త: అప్పుడే చెప్పడం సరైనదా, ఆగాల్సిందా?

చుక్కలచూపు:
2025 ఏప్రిల్‌లో వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. సింహరాశి వైపు 124 కాంతి సంవత్సరాల దూరంలో కే2-18బి అనే గ్రహం ఉంది. దాని వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దానికి దగ్గరి బంధువైన డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టు జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనల్లో కనిపించిందని కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం ప్రకటించింది. భూమ్మీద ఈ వాయువులు ముఖ్యంగా సముద్రాల్లోని సూక్ష్మ ప్లవకాల నుంచి వస్తాయి. ఇక చెప్పేదేముంది, గంటల్లోనే ‘గ్రహాంతర జీవం దొరికేసింది’ అని వీడియోలు, ఫార్వర్డ్‌లు వెల్లువెత్తాయి. తర్వాత ఇతర బృందాలు అదే డేటాను తిరగేసి సందేహాలు లేవనెత్తాయి. దాంతో ఇప్పుడు ‘అసలు అప్పుడే చెప్పకుండా ఉండాల్సింది’ అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది.

నేను దానికి ఒప్పుకోను. చెప్పడం సరైనదే. ఇది 3 సిగ్మా (ఫలితం యాదృచ్ఛికంగా వచ్చింది కాదని ఎంత గట్టిగా అనవచ్చో చెప్పే కొలత) స్థాయి మాత్రమేనని, నిర్ధారణ అనాలంటే 5 సిగ్మా కావాలని ఆ ప్రకటనలోనే ఉంది. ఇంకో 16 నుంచి 24 గంటల వెబ్ సమయం దొరికితే అక్కడిదాకా చేరవచ్చని కూడా ఉంది. మనకు తెలియని రసాయన చర్య ఏదైనా కారణం కావచ్చని వాళ్లే రాశారు. ఇంతకన్నా దాపరికం లేకుండా ఎలా చెప్తారు? మీ అభిప్రాయం రాయండి.

రాగితీగ:
నాది పూర్తిగా వ్యతిరేక అభిప్రాయం. జాగ్రత్తలన్నీ ఐదో పేరాలో ఉంటాయి. పైన శీర్షికలో మాత్రం సౌరకుటుంబం బయట జీవక్రియకు ఇప్పటిదాకా దొరికిన అతి బలమైన సూచన అని ఉంటుంది. వీటిలో జనానికి చేరేది ఏదో ప్రకటన రాసేవాళ్లకు తెలియదా?

పైగా ఈ గ్రహం విషయంలో ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. 2019లో హబుల్ డేటా చూసి నీటి ఆవిరి ఉందని రెండు బృందాలు చెప్పాయి. అదీ పెద్ద వార్తే. 2023లో వెబ్ చూసేసరికి మీథేన్, కార్బన్ డయాక్సైడ్ తేటగా తేలాయి గానీ నీటి ఆవిరి మాత్రం తేలలేదు. హబుల్ చూసిన తరంగదైర్ఘ్యాల దగ్గర నీరూ మీథేనూ రెండూ కాంతిని మింగుతాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే అవకాశం ఉంది. ఇప్పుడు చెప్పండి, 2019 వార్త చదివినవాళ్లలో ఎంతమందికి 2023 సంగతి చేరింది?

వేకువ:
నీళ్ల వార్త నాకు బాగా గుర్తుంది. 2023 సంగతి మీరు రాస్తేనే తెలిసింది.

ఒక సందేహం. 3 సిగ్మా అంటే పొరపాటయ్యే అవకాశం 0.3 శాతం అని చదివాను. అంటే జీవం ఉండే అవకాశం 99.7 శాతం అనేగా? అంత నమ్మకం ఉన్నాక కూడా నోరు మూసుకోమంటే ఎలా?

లెక్కలపంతులు:
వేకువ గారూ, ఈ గొడవంతా సరిగ్గా ఆ 99.7 దగ్గరే పుట్టింది. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

0.3 శాతం దేనికి సంబంధించిన సంఖ్యో ముందు చూడండి. అక్కడ ఆ వాయువులేవీ లేవనుకుందాం. అయినా కొలతల్లో ఉండే సహజమైన హెచ్చుతగ్గుల వల్ల మాత్రమే ఇలాంటి ఆకారం కనిపించే అవకాశం అది. జీవం లేకపోయే అవకాశం కాదు. ఆ వాయువు లేకపోయే అవకాశం కూడా కాదు. ఈ తేడా ఎంత పెద్దదో ఒక లెక్కతో చూపిస్తాను. లక్షమందిలో ఒక్కరికే వచ్చే జబ్బుకు ఒక పరీక్ష ఉంది. జబ్బు లేనివాళ్లలో 0.3 శాతం మందికి అది పొరపాటున ‘ఉంది’ అని చెప్తుంది. లక్షమందికి ఆ పరీక్ష చేస్తే జబ్బు లేకుండానే ‘ఉంది’ అనిపించుకునేవాళ్లు 300 మంది. నిజంగా ఉన్నది ఒక్కరికి. పరీక్ష 99.7 శాతం మంచిదే, కానీ ‘ఉంది’ అని వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం మూడొందల్లో ఒకటి. మరి గ్రహాంతర జీవం ఎంత అరుదో, ఎంత మామూలో ఎవరికీ తెలియదు. ఆ సంఖ్య చేతిలో లేకుండా 99.7 అనడం కుదరదు.

ఇది మొదటి మెట్టే. వర్ణపటం ఎలా ఉంటుందో కూడా చూడాలి. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటుతున్నప్పుడు నక్షత్రం వెలుగులో చాలా చిన్న భాగం ఆ గ్రహం వాతావరణంలోంచి వడగట్టుకుని మన దాకా వస్తుంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత తగ్గిందో కొలిచి చుక్కలుగా పెడతారు. ఏప్రిల్ నాటి కొలతలు వెబ్‌లోని మిరి పరికరంతో, సుమారు 6 నుంచి 12 మైక్రాన్ల మధ్య తీసినవి. ఆ పటం తెరిచి చూడండి. ప్రతి చుక్కకూ కిందికీ పైకీ పొడుగాటి గీత ఉంటుంది, కొలతలో అనిశ్చితి అంతన్నమాట. ఆ గీతల మధ్యలోంచి ఒక వంకర రేఖ పోతుంది, అదే డైమిథైల్ సల్ఫైడ్ ఉందనే నమూనా. ఆక్స్‌ఫర్డ్‌లోని జేక్ టేలర్ అదే చుక్కల మీద ఏ అణువూ లేని తిన్నని గీత గీసి చూశారు. అదీ దాదాపు అంతే బాగా సరిపోయింది! లూయిస్ వెల్‌బ్యాంక్స్ బృందం ఇంకో పని చేసింది. ఈ రెండు వాయువులకు బదులు హైడ్రోకార్బన్లను పెట్టి చూస్తే వాటిలోనూ సరిపోయేవి ఉన్నాయని తేల్చింది.

సరే, అది డైమిథైల్ సల్ఫైడే అనుకుందాం. అయినా జీవం అని తేలిపోదు. రోసెట్టా నౌక డేటాలో 67పీ తోకచుక్క మీద ఇదే వాయువు ఆనవాళ్లు కనిపించాయని 2024లో ప్రకటించారు. తోకచుక్క మీద ప్లవకాలు లేవు కదా. ప్రయోగశాలలో కూడా జీవులతో పని లేకుండా, వాయువుల మిశ్రమం మీద అతినీలలోహిత కాంతి వేసి దీన్ని పుట్టించారు.

అంటే సంకేతం నిజమా, నిజమైతే ఆ అణువేనా, ఆ అణువే అయితే జీవం నుంచేనా అని మూడు ప్రశ్నలున్నాయి. 3 సిగ్మా మొదటిదానికి మాత్రమే, అదీ సగం జవాబు.

రాగితీగ:
నేను చెప్పాలనుకున్నది లెక్కలపంతులు గారు ఇంకా బాగా చెప్పారు. మొదటి ప్రశ్నకే జవాబు సగం ఉన్నప్పుడు మూడో ప్రశ్న మీద పత్రికా ప్రకటన ఎందుకు? 5 సిగ్మా వచ్చేదాకా ఆగి ఉంటే ఎవరికి నష్టం?

లెక్కలపంతులు:
5 సిగ్మాను రక్షరేకులా చూడకండి రాగితీగ గారూ. 2011 సెప్టెంబరులో ఒపెరా ప్రయోగం వాళ్లు న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా వేగంగా పోయినట్టు కనిపించిందని చెప్పారు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాల దాకా 730 కిలోమీటర్ల దారిలో 60 నానోసెకన్లు ముందే వచ్చాయట. అది 6 సిగ్మా. చివరికి దొరికిన ముఖ్య కారణం సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్. యాదృచ్ఛికంగా జరిగే పొరపాట్లను సిగ్మా లెక్కిస్తుంది. వదులైన కేబుల్ సంగతి దానికి తెలియదు.

చుక్కలచూపు:
ఒపెరా పేరు మీరే ఎత్తినందుకు సంతోషం, ఎందుకంటే అది నా వాదనకే బలం. వాళ్లు ‘ఐన్‌స్టీన్ తప్పు’ అని చాటలేదు. మాకు కారణం అంతుపట్టడం లేదు, మీరూ చూడండి అని డేటాను అందరి ముందూ పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే కేబుల్ సంగతి బయటికొచ్చింది. అదే గ్రాన్ సాసోలోని ఇకారస్ ప్రయోగం మళ్లీ కొలిచి న్యూట్రినోలు మామూలు వేగంతోనే వస్తున్నాయని చూపించింది. గుట్టుగా దాచుకుని ఉంటే ఇంత త్వరగా తేలేదా?

ఇంకా వెనక్కి పోదాం. 1996 ఆగస్టులో అంగారకుడి నుంచి వచ్చిన ఉల్కలో, ఏఎల్‌హెచ్ 84001 దాని పేరు, ప్రాచీన జీవం ఆనవాళ్లు ఉన్నాయని నాసా శాస్త్రవేత్తలు చెప్పారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా దాని మీద మాట్లాడారు. ఆ వాదన నిలవలేదు, ఇవాళ ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు. కానీ ఆ కదలికలోంచే 1998లో నాసా ఆస్ట్రోబయాలజీ సంస్థ వచ్చింది. తోకచుక్కలో ఈ వాయువు ఎందుకుంటుంది, జీవం లేకుండా ఏమేం పుడతాయి అని ఇవాళ అడుగుతున్నవాళ్లలో చాలామంది ఆ తర్వాత ఈ రంగంలోకి వచ్చినవాళ్లే. నిలబడని వాదన కూడా ఒక రంగాన్ని నిలబెట్టగలదు.

ఇలాంటి వార్త చదివి రాత్రి ఆకాశంలో సింహరాశి ఎక్కడుందో వెతికిన పిల్లలు ఎందరుంటారో! అది నాకు చిన్న విషయంగా అనిపించదు.

రాగితీగ:
పిల్లల సంగతి నాకూ ముఖ్యమే, అందుకే ఇంత పట్టుబడుతున్నాను. మూడుసార్లు ‘జీవం దొరికింది’ అని విని మూడుసార్లూ ‘లేదట’ అని విన్న పిల్ల నాలుగోసారి నమ్ముతుందా? నిజంగా దొరికిన రోజున?

ఆగడం సాధ్యమేనని చూపించినవాళ్లు ఉన్నారు. గురుత్వ తరంగాల మొదటి సంకేతం అమెరికాలోని లైగో పరిశోధనశాలకు చేరింది 2015 సెప్టెంబరు 14న. ప్రకటించింది 2016 ఫిబ్రవరి 11న. మధ్యలో పుకార్లు ఎంత ముసిరినా, సుమారు ఐదు నెలలు తమ పరికరాలనూ తమ లెక్కలనూ తామే అనుమానించి, పరిశోధన పత్రం సమీక్ష పూర్తయ్యాకే నోరు విప్పారు. దానికి సరిగ్గా ఎదురు దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోపు బృందం. 2014 మార్చిలో, పత్రం సమీక్ష కాకముందే విలేకరుల సమావేశం పెట్టి, విశ్వం పుట్టిన తొలి క్షణాల గురుత్వ తరంగాల ముద్ర దొరికిందన్నారు. ఏడాది తిరగకముందే ప్లాంక్ ఉపగ్రహం డేటాతో కలిపి చూస్తే అందులో ఎక్కువ భాగం మన పాలపుంతలోని ధూళి చేసిన పనేనని తేలింది. రెండు బృందాల్లోనూ గొప్పవాళ్లే ఉన్నారు. తేడా అల్లా ఆగడంలోనే ఉంది.

సాలెగూడు:
ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను. లైగోతో పోలిక పూర్తిగా కుదరదు. లైగో డేటా వాళ్ల చేతుల్లోనే ఉంది, వాళ్లు ఐదు నెలలు ఆగగలిగారు. వెబ్ డేటా కొంత గడువు తర్వాత అందరికీ తెరుచుకుంటుంది. మీరు ఆగితే ఇంకొకరు అదే డేటాతో, ఇన్ని జాగ్రత్తలు లేకుండా చెప్పేస్తారు. పైగా కేంబ్రిడ్జ్ వాళ్ల పత్రం సమీక్ష పూర్తయ్యి ఆస్ట్రోఫిజికల్ జర్నల్ లెటర్స్‌లో అచ్చయింది. దాన్ని బైసెప్2 గాటన కట్టడం న్యాయం కాదు.

అయితే రాగితీగ గారి బాధ నిజమైనదే. దానికి మందు ఇప్పటికే ఉంది, ఎవరూ వాడటం లేదు. 2021లో నాసాకు చెందిన జిమ్ గ్రీన్, మరికొందరు కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక కొలమానం ప్రతిపాదించారు. జీవం దొరికిందనే వాదన ఎంత గట్టిదో చెప్పడానికి ఏడు మెట్లు. ఏదో సంకేతం కనిపించడం మొదటి మెట్టు. అది కల్తీ వల్ల వచ్చింది కాదని తేల్చడం రెండోది. జీవం కాని కారణాలన్నీ ఆ వాతావరణంలో కుదరవని చూపించడం నాలుగో మెట్టుకు గానీ రాదు. ఏడో మెట్టు ఎక్కితేనే ‘దొరికింది’. కే2-18బి విషయం మొదటి మెట్టు మీదే ఉందని నా అంచనా, అక్కడ కూడా కాలు గట్టిగా ఆనలేదు. ప్రతి ప్రకటన శీర్షిక పక్కన ‘7లో 1’ అని వేస్తే ఎవరికైనా అర్థమవుతుంది. తుపాను వార్తల్లో హెచ్చరిక స్థాయి చెప్పరూ, అలాగే.

వేకువ:
ఇది బాగుంది. 3 సిగ్మా కన్నా ‘7లో 1’ నాలాంటివాళ్లకు నూరు రెట్లు నయం.

చుక్కలచూపు:
దీనికి నేనూ సరే. చెప్పాలన్నాను గానీ ఎలాగైనా చెప్పొచ్చు అనలేదు. ఒక్క మాట మాత్రం అంటాను. ఆ వాయువు మోతాదు పది లక్షల్లో 10 భాగాలకు మించి ఉండవచ్చని వాళ్ల పత్రం చెప్తోంది. భూమ్మీద అది వంద కోట్లలో ఒక భాగం కూడా ఉండదు. అంత తేడా ఉన్నప్పుడు అది పూర్తిగా పొరపాటైనా అయ్యుండాలి, లేదా మనకు తెలియని రసాయన శాస్త్రమైనా అయ్యుండాలి, లేదా జీవమైనా అయ్యుండాలి. మొదటిదే నిజమైతే వార్త కాదు. మిగతా రెండిట్లో ఏది నిజమైనా పెద్ద వార్తే. అందుకే దీన్ని గదిలో పెట్టి తాళం వేయమంటే నా మనసు ఒప్పుకోదు.

లెక్కలపంతులు:
మొదటిదానికే ప్రస్తుతం మొగ్గు ఎక్కువ. వెబ్ ఇంతకుముందు సమీప పరారుణంలో తీసిన డేటానూ, ఈ మిరి డేటానూ కలిపి షికాగో విశ్వవిద్యాలయంలోని రఫాయెల్ లూకే బృందం చూసింది. ఆ వాయువుకు గట్టి ఆధారం లేదని తేల్చింది. మధుసూదన్ బృందం కూడా ఊరుకోలేదు. వందల అణువులను పెట్టి చూసినా డైమిథైల్ సల్ఫైడ్ ముందు వరసలోనే నిలుస్తోందని జవాబిచ్చింది. వాదన నడుస్తోంది, పద్ధతిగానే నడుస్తోంది.

రాగితీగ:
సాలెగూడు గారి ఏడు మెట్లకు నా మద్దతు ఉంది. చెప్పడం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, మొదటి మెట్టు దగ్గర విలేకరులను పిలవకూడదు. పత్రం అచ్చు వేయండి, డేటా పెట్టండి, శాస్త్రవేత్తలు కొట్టుకోనివ్వండి. మూడో మెట్టు దాటాక మైకు పట్టుకోండి.

చుక్కలచూపు గారిని ఒకటి అడుగుతాను. రేపు ఇంకో 24 గంటల పరిశీలన జరిగి, అక్కడ ఆ వాయువు లేదని తేలిందనుకోండి. ఏప్రిల్‌లో ఇచ్చినంత పెద్ద ప్రకటనే, అదే విశ్వవిద్యాలయం నుంచి, అదే హడావిడితో వస్తుందా?

చుక్కలచూపు:
రావాలి. రాకపోతే అప్పుడు నేనూ మీతో కలిసి అడుగుతాను.