కత్తికి పదును, నేలకు పదును

గుంటూరోడు (మారతహళ్ళి):
అందరికీ నమస్కారం. చిన్న సందేహం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మడకశిర దగ్గర పల్లె. నిన్న పొద్దున లిఫ్ట్ దగ్గర ఎదురుపడి, మొహమంతా వెలిగిపోతూ "రాత్రి మా ఊళ్ళో మంచి పదునైందంట సార్" అన్నాడు. ఊళ్ళో కత్తులేమైనా నూరుతున్నారేమో, ఏం గొడవో అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే వాన! ఇంటికి ఫోన్ చేసి అడిగితే, రైతు కొడుకువై ఉండి ఇది తెలీదా అని మా నాన్న తిట్టిమరీ చెప్పారు. సరే, నాకు తెలీదు, ఒప్పుకుంటాను. కానీ నేల తడికీ కత్తి వాడికీ ఒకే మాట ఎలా వచ్చింది? తడి తగిలితే కత్తి తుప్పుపడుతుంది కదా?

అనంతపురం ఆడపడుచు:
మా దగ్గర పెద్దవాళ్ళు వానను మిల్లీమీటర్లలో కొలవరండీ, పదునుల్లో కొలుస్తారు. దుక్కి పదును అంటే నాగలి దిగేంత. విత్తనం పదును అంటే గింజ మొలిచేంత. బురదైతే పదును కాదు, ఎండితే పదును కాదు. అదనూ పదునూ చూసి విత్తమంటారు. కత్తి సంగతి మాత్రం నాకూ తెలీదు.

కమ్మరి మనవడు (కలాసిపాళ్య):
ఈ మాట మీద నాకు కొంచెం హక్కుంది. మూడు తరాలుగా మా ఇంట్లో కత్తులే చేస్తున్నాం. తాత పలమనేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బెంగళూరులో కొలిమి పెట్టాడు. ఎందుకిక్కడ అంటే లారీలు. జేసీ రోడ్డులో పాత కమాన్ పట్టీలు, అంటే లారీల కింద ఉండే స్ప్రింగు పట్టీలు, దొరికేవి. కత్తికి అంతకంటే మంచి ఉక్కు ఆ డబ్బుకి వచ్చేది కాదు. కొబ్బరిబోండాల మచ్చుకత్తులు, హోటల్ వంటిళ్ళకి కూరగాయల కత్తులు, పెళ్ళిళ్ళ సీజన్‌లో కత్తిపీటలు. ఇదీ వ్యాపారం.

మా ఇంట్లో పదును పెట్టడం వేరు, సాన పట్టడం వేరు. కొట్టుకి వచ్చేవాళ్ళు "కాస్త పదును పెట్టివ్వండి" అంటారు. వాళ్ళకి కావలసింది సాన. రాయి మీద రెండు నిమిషాల పని. పదును పెట్టేది కత్తి పుట్టినప్పుడు ఒక్కసారే.

ఎలాగంటే, సాగగొట్టి తీర్చిన కత్తిని కొలిమిలో పండుమిరప రంగు వచ్చేదాకా కాలుస్తారు. అయస్కాంతానికి అంటుకోవడం మానేసిందంటే వేడి సరిపోతోందని గుర్తు. దాన్ని నూనెలో ముంచితే సుయ్యిమని చల్లారి గట్టిపడుతుంది. ఇక్కడితో అయిపోయిందనుకుంటే అయిపోయినట్టే! ఆ దశలో కత్తి గాజులా ఉంటుంది, నేల మీద పడేస్తే పుటుక్కుమంటుంది. అందుకని నల్లటి పొర గీకేసి, తళతళలాడే ఇనుము కనబడేలా చేసి, ఈసారి వెన్ను వైపు నుంచి మెల్లగా వేడి చేస్తారు. అప్పుడు చూడాలి. వెన్ను దగ్గర మొదలై రంగులు వాదర వైపు, అంటే కోసే అంచు వైపు, నడిచొస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, వెనకే వంకాయ రంగు, ఆ వెనక నెమలి మెడ నీలం. ఎండుగడ్డి రంగు వాదరని తాకగానే నీళ్ళలో ముంచెయ్యాలి. అది సుమారు 220, 230 డిగ్రీలు. రెండు క్షణాలు ఆలస్యమైతే వాదరకు నీలం వచ్చేస్తుంది, అది 300 దగ్గర, ఉక్కు మెత్తబడిపోతుంది. తాతకి థర్మామీటర్ లేదు. కొలిమి ఉన్న మూలకి కిటికీ కూడా పెట్టనివ్వలేదు. ఎండ పడితే రంగు తెలీదని.

వాదర గట్టిగా, వెన్ను సాగేలా, రెండూ ఒకే కత్తిలో. మా తాత దాన్నే "పదునొచ్చింది" అనేవాడు. అప్పటికింకా ఆ కత్తి వంకాయ కూడా కొయ్యలేదు, సానకే పోలేదు కాబట్టి అది వాడి గురించి అన్న మాట కాదు. బురదా కాదు, బెడ్డా కాదు, నాగలి దిగేలా నేల ఉండటాన్ని పదును అంటారని పైన చెల్లెమ్మ చెప్పింది చూశారా, ఇదీ అదే. పనికొచ్చే స్థితికి రావడం.

హోసూరు పంతులమ్మ:
బాగా చెప్పారు. ఇంకొకటి కలుపుతాను. తోళ్ళు పదును చేయడం అనే మాట మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. పచ్చితోలు కుళ్ళకుండా, ఎండి కర్రలా బిగుసుకోకుండా చెయ్యడం. అక్కడ కత్తి వాడితో పనే లేదు. మా పక్కన తమిళంలో ఆంబూరు, వాణియంబాడి వైపు ఆ పనిని "పదనిడుదల్" అంటారు. పాకానికీ అన్నానికీ తమిళులు "పదం" చూస్తారు.

కమ్మరి మనవడు:
అమ్మా, ధన్యవాదాలు. కన్నడం సంగతి నేను చెబుతాను. మా షెడ్డులో పనివాళ్ళలో సగం మంది కన్నడిగులు. తాత "పదునైందా?" అంటే వాళ్ళు "హద ఆయ్తు" అనేవాళ్ళు. చిన్నప్పుడు అవి రెండు వేరే మాటలనుకున్నాను. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, పండు హణ్ణు అయినట్టు, ఇదీ అంతే. కన్నడంలో హదవైన వాన ఉంది, తోలు హద చెయ్యడం ఉంది. కత్తి వాడికి మాత్రం వాళ్ళు "హరిత" అని వేరే మాట పెట్టుకున్నారు. మనమే రెండిటినీ ఒక మాటలో కలిపేశాం.

ఓ పాత నిఘంటువు ప్రేమికుడు:
క్షమించాలి, ఒప్పుకోను. నిఘంటువుల్లో పదును అంటే వాడిమి అనే అర్థం కూడా ఉంది. "పదునైన మాట", "బుద్ధికి పదును పెట్టు" ఇవన్నీ తప్పా? మీ ఇంటి వాడుక మీ ఇంటిది.

కమ్మరి మనవడు:
తప్పని ఎక్కడన్నానండీ? జనం అన్నదే భాష. పదునొచ్చిన ఉక్కే వాదర నిలుపుకుంటుంది కాబట్టి ఆ మాట వాదర మీదికి జారిందని నా లెక్క. కానీ ఆ తేడా మరిచిపోతే ఏమవుతుందో మా జేబుకి తెలుసు.

నేను వ్యాపారంలోకి వచ్చిన కొత్తలో కొలిమి ఆపించి, పీణ్య వైపు ఒక షెడ్డుకి పని ఇచ్చాను. బిల్లు మీద హీట్ ట్రీట్‌మెంట్ అని ఉంటుంది, చూడటానికి దర్జాగా. నలభై బోండాల మచ్చులు వచ్చాయి. సాన పట్టి చేతి మీద వెంట్రుకలు గీసి చూశాను, బ్లేడులా పోయాయి. వారం తిరక్కుండా బోండాల బండ్లవాళ్ళు వరసగా తిరిగొచ్చారు. వాదరంతా పళ్ళు రాలినట్టు పెచ్చులు! గట్టిపరిచారు గానీ రెండోసారి వేడి సరిగా చూపించలేదు. నాన్న ఒక మచ్చు తీసుకుని, బొటనవేలితో అడ్డంగా తడిమి, "దీనికి వాడి ఉంది, పదును లేదు" అని పక్కన పెట్టేశాడు. తిట్టలేదు, అదే బాధ. నలభైకి నలభై మార్చి ఇచ్చాం. అందుకే ఈ రెండు మాటలూ నాకు ఒకటి కావు.

గుంటూరోడు:
అన్నా, ఇప్పుడంతా స్టెయిన్‌లెస్ స్టీలే కదా. దానికీ ఈ రెండు మంటలు కావాలా?

కమ్మరి మనవడు:
కావాలి. కాకపోతే కంటితో కాదు, మీటరుతో. అందరికీ తెలిసిన ఉదాహరణ విక్టోరినాక్స్, ఆ ఎర్రపిడి స్విస్ కత్తి. అదీ కుటుంబ వ్యాపారమే. కార్ల్ ఎల్సనర్ అని, టోపీలు చేసే ఆయన కొడుకు. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊళ్ళో 1884లో కార్ఖానా తెరిచాడు. అక్కడి సైనికులకు కత్తులు మొదట జర్మనీ జోలింగెన్ నుంచి వచ్చాయి. మన సైన్యానికి మనం చెయ్యలేమా అని 1891లో ఈయన ఇవ్వడం మొదలుపెట్టాడు. జోలింగెన్‌వాళ్ళు ఇంకా చవగ్గా ఇచ్చేసరికి అప్పుల్లో కూరుకుపోయాడు, చుట్టాలు ఆదుకున్నారు. (మా తాత కథలోనూ చుట్టాలున్నారు గానీ ఆదుకున్న భాగం లేదు.) 1897లో చేసిన ఆఫీసర్ల కత్తి ఆయన్ని నిలబెట్టింది.

మన గ్రూపుకి నచ్చే సంగతి ఆ పేరు. 1909లో తల్లి చనిపోతే ఆమె పేరు విక్టోరియా అని సరుకుకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడకంలోకి వచ్చాక, ఫ్రెంచిలో దానికి ఉన్న పేరులోంచి "ఇనాక్స్" తెచ్చి అమ్మ పేరుకి అతికించారు. అమ్మా ఉక్కూ కలిసి ఒక సమాసం. ద్వంద్వమో తత్పురుషమో పంతులమ్మగారు చెప్పాలి.

ఇక పదును. 1931లో బ్రౌన్ బొవేరి అనే కరెంటు యంత్రాల కంపెనీ చేత పూర్తిగా కరెంటుతో నడిచే పదును కొలిమి కట్టించారు, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదంటారు. వాళ్ళ బ్లేడుకి మొదటి వేడి 1040 డిగ్రీలు, రెండో వేడి 160. స్టెయిన్‌లెస్ కాబట్టి మా కమాన్ పట్టీ లెక్కలు దానికి పనికిరావు. కానీ మంటలు మాత్రం అవే రెండు. ముందు బిగించడం, తర్వాత కాస్త సడలించడం. కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఆపుతారు. ఇంకా గట్టిగా చెయ్యడం చేతకాక కాదు. జేబులో కత్తిని జనం డబ్బా మూత తెరవడానికీ వాడతారు, మరీ గట్టిదైతే పెచ్చు లేస్తుంది, మరీ మెత్తనైతే పూటకోసారి సాన పట్టాలి. ఆ మధ్య చోటుకే మడకశిరలో, ఇబాఖ్‌లో, మా షెడ్డులో పని.

నిఘంటువు ప్రేమికుడు:
సమాసం సంగతి తర్వాత. తత్పురుషం మాత్రం కాదు. నా వాదన నాదే గానీ "వాడి ఉంది, పదును లేదు" అన్న వాక్యం రాసిపెట్టుకున్నాను. అన్నట్టు, మా అమ్మమ్మ కత్తిపీట ఒకటుంది. పీట పుచ్చిపోయింది, కత్తి కందగడ్డకి కూడా దిగటం లేదు. దానికి కాస్త పదును... అదే, ఏదో ఒకటి పెట్టిస్తారా?

కమ్మరి మనవడు:
ఆదివారం తీసుకురండి. పీట కొత్తది వేయిస్తాను, సాన నేనే పడతాను. పదును మీ అమ్మమ్మగారు కొనకముందే పెట్టేసి ఉంటారు, దాని జోలికి మాత్రం నేను పోను.