పెద్దపేగు పుండ్లకు ఇంజెక్షన్ బదులు మాత్రలు సాధ్యమేనా?

ప్రశ్న (పాలకొండ): మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. మందు సీసాను ఐసు డబ్బాలో పెట్టుకుని ప్రతిసారీ విశాఖ వెళ్లి ఇంజెక్షన్ చేయించుకుంటున్నాడు. దీన్నే మాత్రగా ఎందుకు తయారు చేయలేకపోతున్నారు?

జవాబు (విజయనగరం): ఆ మందు పెద్ద ప్రోటీన్ అణువు కనుక, మింగితే పప్పులోని మాంసకృత్తుల్లాగే కడుపులో జీర్ణమైపోతుందండి. అందుకే కణం లోపలికి వెళ్లి, వాపును రగిలించే సంకేతాలను మోసే జాక్ ఎంజైములను అడ్డుకునే, మాత్రగా మింగినా పనిచేసే చిన్న అణువులను రూపొందించారు. వాటిలో టోఫాసిటినిబ్‌కు 2018లో, ఉపాడాసిటినిబ్‌కు 2022లో ఈ జబ్బుకు అమెరికా అనుమతి లభించింది.

జవాబు (శ్రీకాకుళం): 2021లో అనుమతి పొందిన ఓజానిమోడ్ అనే మాత్ర దారి వేరు, అది లింఫోసైట్లను (వాపుకు కారణమయ్యే ఒక రకం తెల్ల రక్తకణాలను) లింఫు గ్రంథుల్లోనే నిలిపివేసి పేగు వైపు రానివ్వదు. అయితే మాత్రే కదా అని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. జాక్ మందులతో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది, మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: క్షయ పరీక్ష చేయించి, ఆ ఫలితంతోనే డాక్టరు గారిని అడుగుతాం.