అప్‌డేట్: జియోలైట్‌లో మీథేన్ ఎందుకు ఎక్కువ పట్టిందో తెలిసింది

ఎల్‌టీఏ జియోలైట్‌లో (అతి సన్నని రంధ్రాలున్న ఒక రకం స్ఫటికం) మీథేన్ ఎంత పడుతుందో గ్రాండ్ కెనానికల్ మాంటే కార్లోతో (అణువులను యాదృచ్ఛికంగా పెడుతూ, తీస్తూ లెక్కించే కంప్యూటర్ పద్ధతి) లెక్కిస్తే ప్రయోగం కంటే ఎక్కువ వస్తోంది, ఫోర్స్ ఫీల్డ్ (అణువుల మధ్య బలాలను లెక్కించే సూత్రాలు) మార్చాలా అని ఇంతకుముందు అడిగాను. మార్చక్కర్లేదు. తప్పు నాదే.

"అణువులు ఎక్కడ కూర్చున్నాయో బొమ్మ గీసి చూడండి" అని ఒకరు చెప్పారు. చూస్తే కొన్ని అణువులు సోడలైట్ గూళ్లలో (స్ఫటికం లోపలి చిన్న గదులు) ఉన్నాయి! ఆ గూటి కిటికీ 3 ఆంగ్‌స్ట్రామ్‌లు కూడా ఉండదు, మీథేన్ వ్యాసం సుమారు 3.8. నిజంగా అయితే లోపలికి దూరలేదు. కానీ మాంటే కార్లోకి దారితో పనిలేదు. ఖాళీ దొరికి, శక్తి లెక్క కుదిరితే చాలు, అణువును నేరుగా అక్కడ పెట్టేస్తుంది.

ప్రతి సోడలైట్ గూటి మధ్యలో ఒక నిషేధ గోళం (అణువును పెట్టకూడని చోటు) పెట్టి మళ్లీ రన్ చేశాను. ఐసోథెర్మ్ (ఏ ఒత్తిడి దగ్గర ఎంత వాయువు పడుతుందో చూపే గ్రాఫ్) ప్రయోగానికి బాగా దగ్గరపడింది.

అసలు విశేషం ఇంకోటి. నా డిఫ్యూజన్ గుణకం (అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తాయో చెప్పే సంఖ్య) తక్కువ రావడానికీ ఇదే కారణం. ఎండీ రన్‌ను (అణువుల కదలికను కాలంతో పాటు లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్) మాంటే కార్లో ఇచ్చిన ఆ అమరికతోనే మొదలుపెట్టాను కాబట్టి, గూట్లో ఇరుక్కున్న అణువులు కదలక సగటును కిందికి లాగాయి. దీనికోసం వారం రోజులు థర్మోస్టాట్‌ను (లెక్కలో ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే భాగం) తిట్టుకున్నాను, పాపం.

ఇంకో సవరణ: డిఫ్యూజన్ గుణకం కోసం, సగటు వర్గ స్థానభ్రంశం (అణువులు జరిగిన దూరాల వర్గాల సగటు) గ్రాఫ్‌లో మొదటి వంపు భాగాన్ని వదిలేసి, సరళరేఖగా మారాకే వాలు తీసి 6తో భాగిస్తున్నాను.